దవడకీలు నొప్పి: దాని స్వభావము, గృహోపచారము, వ్యాయామము

తెలుగుభాషలో బాధకు గల పేర్లు పెక్కు. పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, మంట వేరు. పుచ్చిన పన్నుపై చన్నీరు పడినపుడు జివ్వుమనును. చిగురున చీము పట్టినచో రాత్రియంతయు సలుపును. చాలదూరము నడచినవాని పిక్కలు పీకును. కీలు పట్టి వదలునపుడు కలుక్కుమనును. ఈ మాటలలో ఏ మాట వాడబడినదో విన్న తెలుగు వైద్యునకు రోగనిర్ణయమున సగము పని అప్పుడే తీరును.

కాని తరతరములుగా తెలుగుదేశమునకు వెలుపల స్థిరపడిన కుటుంబములకు ఈ సౌకర్యము లేదు. ఇంట తెలుగు, ఆసుపత్రిలో మరియొక భాష. అన్నివిధములైన బాధలును కన్నడదేశమున నోవు, తమిళదేశమున వలి, మహారాష్ట్రమున దుఖణే, ఉత్కళమున బింధా అను ఒక్కొక్క మాటలో ఇమిడిపోవును. ఆ భాషలకు సూక్ష్మభేదములు చెప్పు మాటలు లేకపోలేదు. అవి మన నోటికి రావు. దీనివలన మిక్కిలి చిక్కు కలుగు వ్యాధులలో దవడకీలు నొప్పి ఒకటి. రోగి "చెవి దగ్గర నొప్పి" యనును. వైద్యుడు చెవిలో మందు వేయును. "పంటి దగ్గర" అనును. ఒక పన్ను తీయబడును. నొప్పి యథాప్రకారముగనే ఉండును. పిమ్మట పక్క పన్నుపై అనుమానము కలుగును. ఈ వరుసలో రెండు మూడు మంచి పండ్లను పోగొట్టుకొని, అటుపిమ్మట కీలు సంగతి తెలిసికొన్నవారు అన్ని ఊళ్ళయందును ఉన్నారు.

దవడ యన్న మాటయే మనకు కొంత చిక్కు తెచ్చిపెట్టినది. తెలుగున అది లోపలి ఎముకను చెప్పును, పైనున్న చెంపను గూడ చెప్పును. "దవడ పగులగొట్టెద"నన్నవాడు కొట్టునది చెంపనే. సంస్కృతమున ఎముకకు హనువు అని పేరు. ఇంద్రుని వజ్రాయుధపు దెబ్బకు హనువు విరిగిన కారణముననే ఆంజనేయునకు హనుమంతుడను పేరు వచ్చెనని రామాయణ కథ. దవడ పట్టుకొనిపోవుటను ఆయుర్వేద గ్రంథములు హనుగ్రహమని వాతవ్యాధులలో చేర్చినవి. కీలు తొలగినచో కాపడముచేసి, స్వస్థానమున కూర్చి, కట్టు కట్టవలెనని సుశ్రుతసంహిత విధించినది. కావున ఇది నాగరికత తెచ్చిన నూతనవ్యాధి కాదు. దీని లోపలి నిర్మాణమును గూర్చిన వివరమైన జ్ఞానము మాత్రము ఇటీవలిది.

చూపుడువ్రేలిని చెవికి ముందు, చెవిరంధ్రమును కొంత మూయుచుండు చిన్న మిట్టకు ఆనించి నోరు తెరచినచో, వ్రేలిక్రింద ఒక బొడిపె ముందునకు జరుగుట తెలియును. అదియే క్రిందిదవడ ఎముక యొక్క శిరస్సు. అది కణత ఎముకలోని ఒక గుంటయందు కూర్చుండును. రెంటి నడుమ నారతో నేసినట్లుండు గట్టి బిళ్ళ యొకటి కలదు. మోకాలివలె, మోచేతివలె ఇది కేవలము మడతబందు కీలు కాదు. నోరు కొద్దిగ తెరచునపుడు శిరస్సు గుంటలోనే తిరుగును. మరింత తెరచునపుడు బిళ్ళతో కూడ గుంటను వదలి ముందునకు జారును. మూయునపుడు వెనుకకు వచ్చును. ఇట్టి కీళ్ళు కుడియెడమల రెండు. రెండింటికిని ఎముక ఒక్కటియే. ఉయ్యాలబల్ల యొక గొలుసు బిగిసినచో రెండవ గొలుసు తిన్నగ ఊగలేనట్లు, ఒక కీలు పట్టుకొన్నచో రెండవ దానిపై భారము పడును. అందుచేతనే నొప్పి ఒక వైపున ఉండి, అసలు దోషము మరియొక వైపున ఉండుట గూడ కద్దు.

ఈ ఎముకను కదల్చు కండరములలో మాసిటర్ అనునది చెంపయందు కలదు. పండ్లు బిగించినపుడు చెంపపై గట్టిగ ఉబుకునది అదియే. టెంపొరాలిస్ అనునది కణతపై విసనకఱ్ఱవలె పరచుకొనియున్నది. టెరిగాయిడ్ అను పేరుగలవి లోపలివైపున రెండు. వీనిలో అధికభాగము నోరు మూయుటకు ఏర్పడినవే. మూయు బలము తెరచు బలమునకు ఎన్నోరెట్లుండును. ఈ కండరములకును, కీలుకును, పండ్లకును, చెవి ముందుభాగమునకును త్రిధారనాడి శాఖలే పోవుచున్నవి. ఒకే నాడి ఇన్నిచోట్లనుండి వార్తలు కొనిపోవుటవలన, కీలులో పుట్టిన బాధ చెవిలో పుట్టినట్లును, చెంపకండరమున పుట్టినది పంటిలో పుట్టినట్లును, కణతది తలనొప్పిగను తోచును. రోగి అబద్ధమాడుటలేదు, అతనికి నిజముగ అక్కడనే నొప్పి తోచుచున్నది.

1934లో అమెరికా దేశమున జేమ్స్ కాస్టెన్ అను చెవిముక్కుగొంతు వైద్యుడు, పండ్లు పోయి నోరు మిక్కిలి మూసికొనిపోవుటవలన కీలు వెనుక భాగములు ఒత్తుకొని చెవిబాధ కలుగుచున్నదని ప్రతిపాదించెను. కొంతకాలము ఈ వ్యాధి ఆయన పేరనే చెల్లినది. శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు ఆ కారణమును అంగీకరింపలేదు. 1950ల నాటికి కండరముల బిగువునకు, మనసులోని ఒత్తిడికి ప్రాముఖ్యము హెచ్చినది. 1969లో డేనియల్ లాస్కిన్ ఈ కండరసిద్ధాంతమును విస్తరించి వ్రాసెను. అయినను పండ్ల పొందిక సరిగలేకపోవుటయే మూలమను నమ్మకము చాలకాలము నిలిచి, ఆ పేర పండ్లు అరుగదీయుట, దంతములకు క్రొత్త తొడుగులు వేయుట విరివిగ జరిగినది. నేటి పరిశోధనలు ఆ నమ్మకమును బలపరచుటలేదు. ఒకసారి అరుగదీసిన పన్ను మరల పెరుగదు. కావున ఈ నొప్పికై పండ్ల ఆకారమును మార్చుదమనువారి సలహాను వెంటనే అంగీకరింపక, మరియొక వైద్యుని అభిప్రాయము తీసికొనుట మంచిది.

ఇప్పుడు వైద్యులు ఈ బాధలనన్నింటిని కలిపి టెంపొరోమాండిబ్యులర్ వ్యాధులనుచున్నారు. ఇది ఒక వ్యాధి కాదు, ఒక కుటుంబము. కొందరిలో కండరములే మూలము: ఉదయము లేచునప్పటికి చెంపలు బరువుగ, అలసినట్లు ఉండును, నమలగా నమలగా తీపు హెచ్చును. కొందరిలో బిళ్ళ స్థానము తప్పును: నోరు తెరచునపుడు టిక్కుమని చప్పుడగును. కొందరిలో కీలు అరుగును: ఇసుక నలిగినట్లు చప్పుడు వినవచ్చును. ఒకే మనుష్యునియందు రెండు మూడు కలిసియుండుట సామాన్యము. స్త్రీలలో ఇది ఎక్కువ. అందును ఇరువది నలువది ఏండ్ల నడుమ వారిలో ఎక్కువగ కనబడును.

చప్పుడును గూర్చి ఒకమాట. నొప్పి లేక, నోరు పూర్తిగ తెరచుకొనుచు, కేవలము టిక్కుమను చప్పుడు మాత్రమే ఉన్నచో దానికి చికిత్స అవసరము లేదు. ఆరోగ్యవంతులలోనే చాలమందికి ఆ చప్పుడు కలదు. ఆ చప్పుడు వచ్చుచున్నదో లేదో చూచుకొనుటకై దినమునకు పదిసార్లు దవడను అటునిటు త్రిప్పువారు మాత్రము లేని బాధను కొనితెచ్చుకొందురు. ఐతే ఇంతకాలము చప్పుడు చేసిన కీలు ఒకనాడు హఠాత్తుగ చప్పుడు మాని, నోరు రెండు వ్రేళ్ళ మేరకు మించి తెరచుకొననిచో, బిళ్ళ అడ్డుపడినదని గ్రహించి వైద్యుని చూడవలెను. ఆవులించినపుడు దవడ జారి, నోరు తెరచినది తెరచినట్లే నిలిచిపోయినచో, ఇంటిలోనివారు బలవంతముగ మూయరాదు. తెలిసిన వైద్యుడు దానిని స్వస్థానమునకు చేర్చును.

ఈ నొప్పికి ఒకే కారణము చెప్పుట సాధ్యము కాదు. దెబ్బ తగులుట, దంతవైద్యుని యొద్ద చాలసేపు నోరు తెరచియుండుట, నిద్రలో పండ్లు కొరుకుట, దిగులు, నిద్రలేమి, ఇతర కీళ్ళవ్యాధులు ఇవన్నియు పాలుపంచుకొనును. నిద్రలో పండ్లు కొరుకుటకు కడుపులోని పురుగులే కారణమని ఇండ్లలో చెప్పుదురు. దానికి గట్టి ఆధారము లేదు. అంతకంటె గమనింపవలసినది పగటిపూట తెలియక చేయు బిగింపు. లెక్క వ్రాయుచు, సూదిలో దారమెక్కించుచు, మగ్గముపై తెగిన పోగు అతుకుచు, బండి నడుపుచు మనుష్యుడు పండ్లు బిగించును. దారమును పంటితో తెంపుట, వేపపుల్లను గంటసేపు నములుట, గోళ్ళు కొరుకుట, గడ్డమును అరచేత మోపి చదువుట, టెలిఫోనును చెవికిని భుజమునకును నడుమ ఇరికించి మాటలాడుట, మెడను ముందునకు సాచి సెల్‌ఫోను చూచుట — ఇవి ఒక్కొక్కటి అల్పములే. ఏండ్లతరబడి సాగినపుడు అల్పములు కావు.

సహజముగ పెదవులు మూసియున్నపుడు పైపండ్లును క్రిందిపండ్లును ఒకదానినొకటి తాకరాదు. ఈ మాట వినినవారిలో చాలమంది ఆశ్చర్యపడుదురు. నమలునపుడు, మ్రింగునపుడు తప్ప పండ్లు కలియవలసిన పని లేదు; దినమంతటిలో ఆ స్పర్శకాలము కొద్ది నిమిషములకు మించదని దంతవైద్యుల లెక్క. మిగిలిన కాలమంతయు వాని నడుమ కొద్ది సందు ఉండవలెను. ఈ విశ్రాంతిస్థితిని నేర్పుటకు పాశ్చాత్య వైద్యులు తమ అక్షరములను ఉపయోగింతురు. తెలుగు అక్షరములు దీనికింకను అనుకూలములు. "న" అని పలికి, నాలుకను అక్కడనే నిలుపవలెను. ఎగువ ముందుపండ్ల వెనుక, చిగురుగట్టుపై నాలుకకొన ఆనియుండును. పిమ్మట పెదవులు మూసి, "మ్" అని సన్నగ మ్రోయించినచో పండ్లు వాటంతటవే విడివడును. మ్రోత ఆపి, ఆ స్థితిని మాత్రము నిలుపవలెను. పెదవులు కలిసి, పండ్లు విడివడి, నాలుక పైకానియుండుట — చికిత్సకంతటికి ఇదియే మొదటి పాఠము. దీనిని జ్ఞాపకముంచుకొనుటకు ఉపాయము కావలెను: గడియారముపై, వంటయింటి తలుపుపై, బండి అద్దముపై ఒక చిన్న చుక్క అంటించి, అది కంటబడినప్పుడెల్ల పండ్లు విడివడియున్నవా యని చూచుకొనవలెను. మొదటివారమున చాలసార్లు బిగించియుండుటయే కనబడును. దానికి నిరాశపడ పనిలేదు, కనిపెట్టుటయే ప్రారంభము.

గృహోపచారములలో రెండవది ఆహారము. నొప్పి తీవ్రముగ ఉన్న పది పదునైదు దినములు కీలుకు భారము తగ్గింపవలెను. పప్పన్నము, పెరుగన్నము, ఇడ్లీ, ఉప్మా, మెత్తగ ఉడికిన కూర చాలును. కోలారు ప్రాంతపు తెలుగువారికి ఈ విషయమున ఒక భాగ్యము కలదు: రాగిముద్దను ఎవరును నమలరు, పులుసులో ముంచి మ్రింగుదురు. షోలాపురపు తెలుగువారికి కష్టము. అక్కడి కడక్ భాకరీ పేరులోనే గట్టిదనమున్నది. దానిని విడువజాలనివారు పప్పుకట్టులో నానవేసికొని తినవచ్చును. జంతికలు, చేగోడీలు, వేయించిన సెనగలు, వేరుసెనగ చిక్కి, చెరకు, పచ్చికొబ్బరిచిప్ప కొంతకాలము మానవలెను. జామకాయను కొరుకక ముక్కలుగ కోసికొనవలెను. రెండువైపుల సమానముగ నమలవలెను. ఐతే మెత్తని తిండి నెలలతరబడి సాగరాదు; పనిలేని కండరము బలహీనమగును. నొప్పి తగ్గినకొలది మామూలు భోజనమునకు క్రమముగ రావలెను. కీలును పూర్తిగ కదలింపక ఉంచుట విశ్రాంతి కాదు.

కాపడము మన ఇండ్లలో అందరికి తెలిసినదే. ఈ నొప్పికి తడికాపడము మేలు. వేడినీట ముంచి పిండిన తువాలును చెంపపైనను కణతపైనను పదునైదు ఇరువది నిమిషములు, దినమునకు రెండు మూడు సార్లు ఉంచవచ్చును. ముంజేతి లోపలివైపున ఆనించి వేడి ఓర్చుకొనదగినదని తెలిసిన పిమ్మటనే ముఖమునకు పెట్టవలెను. చక్కెరవ్యాధివలన స్పర్శ తగ్గినవారు ఇంకను జాగ్రత్తపడవలెను. క్రొత్తగ దెబ్బతగిలి వాచినచో వేడి కాదు, బట్టలో చుట్టిన మంచుముక్కను పదినిమిషములు ఉంచవలెను. కాపడము తరువాత రెండు వ్రేళ్ళతో చెంపకండరమును గుండ్రముగ, మెల్లగ మర్దనచేయవలెను. పండ్లు బిగించి, ఉబికిన చోటును గుర్తించి, వదలిన తరువాత అక్కడ రుద్దవలెను. కొద్ది నువ్వులనూనె రాచికొన్నచో చర్మము రాసికొనదు.

ఆవులింతను గూర్చి గూడ చెప్పవలసియున్నది. మనవారిలో ఆవులించునపుడు నోటియెదుట చిటికవేయు అలవాటు కలదు. దవడకీలు నొప్పి గలవారు ఆ చేతిని గడ్డముక్రిందికి తేవలెను. నాలుకకొనను పైకప్పునకు ఆనించి, పిడికిలితో గడ్డమును క్రిందనుండి కొంచెము ఆపినచో నోరు అతిగ తెరచుకొనదు.

ఇక వ్యాయామములు. ఇవి బలమునకై చేయునవి కావు. మల్లయుద్ధపు వ్యాయామమువలె చెమట పట్టించునవి అంతకంటె కావు. అదుపు తప్పిన కదలికకు అదుపు నేర్పుట వీని ప్రయోజనము. చిలీ దేశీయుడైన మరియానో రొకబాదో అను ఫిజియోథెరపిస్టు ఏర్పరచిన క్రమము ప్రసిద్ధము: ఆరు కదలికలు, ఒక్కొక్కటి ఆరు పర్యాయములు, దినమునకు ఆరుసార్లు. సంఖ్య జ్ఞాపకముండుటకు ఇది సులభము. ఆరుసార్లు కుదరనివారు మూడుసార్లు చేసినను చేయనిదానికంటె మేలు.

మొదటిది పైన చెప్పిన "న" స్థితియే; అందు ముక్కుతో నెమ్మదిగ శ్వాసించుట. రెండవదానియందు నాలుకకొనను ఆ స్థానమునుండి కదల్పక నోరు తెరచి మూయవలెను. నాలుక పైకాని యున్నంతవరకు నోరు కొంతమేరకే తెరచుకొనును. అప్పుడు కీలు తన గుంటలోనే తిరుగును, ముందునకు జారదు. దీనిని అద్దము ముందు చేయుట మంచిది. ముందుపండ్ల నడిమిగీత తిన్నగ దిగుచున్నదా, ఒకవైపునకు వంకరపోవుచున్నదా యని చూడవలెను. వంకరపోవువారు మెల్లగ, తిన్నగ దిగునంతవరకే తెరచి, అంతటితో ఆపవలెను. కొన్ని దినములలో ఆ మేర పెరుగును.

మూడవదానియందు దవడ కదలదు. నాలుక పైనుంచి, పండ్లు కొంచెము విడదీసి, రెండువ్రేళ్ళను గడ్డముక్రింద ఉంచి, నోరు తెరువబోవుచున్నట్లు దవడ క్రిందికి నెట్టగా వ్రేళ్ళు దానిని ఆపవలెను. ఐదు లెక్కించి వదలవలెను. అటులనే గడ్డమునకు కుడివైపున, ఎడమవైపున. ఈ ఒత్తిడి పూలచెండును నలుగకుండ పట్టుకొనునంత మాత్రముండిన చాలును. తెరచు కండరములు పనిచేయునపుడు మూయు కండరములు సడలుట శరీరధర్మము. ఈ అభ్యాసమునకు అదియే ఆధారము.

మిగిలిన మూడును మెడకు, భుజములకు చెందినవి. దవడ నొప్పికి భుజములతో ఏమి పని యని కొందరు వీనిని వదలివేయుదురు. తల ముందునకు సాగినపుడు దవడక్రింది మృదుకండరములు లాగబడి, దవడ వెనుకకు గుంజుకొనిపోవును. దానిని ఆపుటకు మూయు కండరములు నిరంతరము పనిచేయవలసివచ్చును. కుట్టుయంత్రము ముందు కూర్చుండువారు, బీడీలు చుట్టువారు, పుస్తకములు దిద్దు ఉపాధ్యాయులు ఈ భంగిమలోనే దినము గడుపుదురు. కావున రెండుచేతుల వ్రేళ్ళను మెడవెనుక పెనవైచి, మెడను నిటారుగ నిలిపి, తలను మాత్రము కొద్దిగ ముందునకు వంచుట ఒకటి. గడ్డమును వెనుకకు లాగి తలను పైకి సాచుట రెండవది. రెక్కయెముకలు రెండును వీపున కలియునట్లు భుజములను వెనుకకు, క్రిందికి తీయుట మూడవది. ఇవియన్నియు కలిపి ఐదారు నిమిషముల పని.

నోరు తక్కువగ తెరచుకొనువారికి సాగదీయు అభ్యాసము కలదు. వారి వారి చూపుడు, నడిమి, ఉంగరపు వ్రేళ్ళు మూడును ఒకదానిపై నొకటి నిలువుగ ముందుపండ్ల నడుమ పట్టుట సామాన్యమైన కొలత. కొలబద్దతో ఇంచుమించు 40 మిల్లీమీటర్లు, అంతకు పైన. బొటనవ్రేలిని పైపండ్లకు, చూపుడువ్రేలిని క్రిందిపండ్లకు ఆనించి, కాపడము తరువాత, మెల్లగ సాగదీసి కొన్ని క్షణములు నిలుపవలెను. లాగినట్లు తోచుట మంచిదే. పొడిచినట్లు తోచుట మంచిది కాదు. వ్యాయామము వలన కలిగిన బాధ కొంతసేపటికి తగ్గక మరునాటికి నిలిచినచో మోతాదు మించినదని అర్థము. బిళ్ళ క్రొత్తగ అడ్డుపడి నోరు పట్టుకొనిపోయినవారు ఈ సాగదీయుటను స్వయముగ ఆరంభింపరాదు.

ఫిజియోథెరపిస్టు చేయునది ఇంటిలో చేయుదానికి పై మెట్టు. అతడు మొదట నోరు తెరచు మేరను కొలిచి వ్రాసికొనును. కండరములలో ముడివడిన చోట్లను వ్రేలితో వెదకును. తొడుగు వేసికొన్న వ్రేలిని చెంపలోపల ఉంచి, లోపలినుండియు వెలుపలినుండియు ఒకేసారి ఆ ముడిని సడలించును. బొటనవ్రేలిని క్రింది దవడపండ్లపై ఆనించి, కీలును మెల్లగ క్రిందికి, ముందునకు కదల్చును. ఇది మొదటిసారి కొంత నొప్పి కలిగించునుగాని, తరువాత నోరు వెంటనే కొంత ఎక్కువ తెరచుకొనుట చాలమంది గమనింతురు. కాని ఇంట అభ్యాసము మానినవారికి ఆ లాభము నిలువదు. ఫలితమును నిర్ణయించుటకు రెండు మూడు మాసములైన ఓపిక పట్టవలెను.

2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్, మూడు మాసములకు మించిన దవడకీలు నొప్పికి చికిత్సావిధానమును ప్రకటించినది. ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో దవడ వ్యాయామము, సాగదీయుట, భంగిమ వ్యాయామము, చేతితో కీలును కదల్చుట, కండరముడులను సడలించుట, నొప్పిని గూర్చిన ఆలోచనలను అలవాట్లను మార్చు మానసిక చికిత్స, ధైర్యము చెప్పి ఇంటి వ్యాయామము నేర్పుట — వీనిని గట్టిగ సమర్థించినది. పండ్లపై వేసికొను తొడుగులు, లేజరు, బొటాక్సు సూదులు, కీలులో స్టీరాయిడు సూదులు మొదలగువానిని దీర్ఘకాలపు నొప్పికి సామాన్యముగ వాడకుండుటయే మేలన్నది. బిళ్ళను కోసివేయు శస్త్రచికిత్సను, పండ్ల పొందికను శాశ్వతముగ మార్చు తొడుగులను, నొప్పిమందులతో కలిపి నల్లమందు జాతి మందులు వాడుటను గట్టిగ వారించినది. ఎక్కువ డబ్బు కాజాలినవి చాలవరకు రెండవ మూడవ వరుసలలో ఉండుట గమనింపదగినది. రాత్రి కొరుకుడువలన అరిగిపోవుచున్న పండ్లను కాపాడుటకు తొడుగు వేయుట వేరు సంగతి. అది పంటిరక్షణకు, నొప్పిచికిత్సకు కాదు.

అన్ని దవడనొప్పులును ఈ కుటుంబమునకు చెందవు. నడచునపుడు గాని, మెట్లెక్కునపుడు గాని ఎదబరువుతో, చెమటతో దవడకు నొప్పి ప్రాకినచో అది గుండెకు సంబంధించినది కావచ్చును; వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఏబది ఏండ్లు దాటినవారికి క్రొత్తగ కణతనొప్పి వచ్చి, నమలునపుడు దవడ అలసిపోయి, చూపు మసకబారినచో అది రక్తనాళముల వాపు కావచ్చును. ఆలస్యమైన కన్ను పోవును. గాయము తగిలిన కొన్నాళ్ళకు దవడ బిగిసికొనినచో ధనుర్వాతమును శంకింపవలెను. జ్వరము, వాపు, ముఖము మొద్దుబారుట, మూడువారములకు మానని నోటిపుండు, మెరుపుతీగ తాకినట్లు క్షణమాత్రము మెరసి మాయమగు పోటు — ఇవియు వైద్యుడు చూడవలసినవే.

వీనిలో మనవారికి ప్రత్యేకముగ చెప్పవలసినది వక్క. నొప్పి అంతగ లేకయే నోరు నెలనెలకు తక్కువ తెరచుకొనుచు, కారము తగిలిన మండుచు, చెంపలోపలిభాగము తెల్లబడి నారవలె గట్టిపడినచో అది కీలువ్యాధి కాదు. వక్క వలన చెంపచర్మము క్రింద పీచు పేరుకొనుట అది. ఆ పీచు మరల కరుగదు. కొందరిలో పుట్టకురుపుగ పరిణమించును. అంతర్జాతీయ కర్కటవ్యాధి పరిశోధనసంస్థ, పొగాకు లేని వక్కయే కేన్సరు కారకమని 2004లో ప్రకటించిన గ్రంథమున నిర్ణయించినది. ఉత్కళమున పాను, గుట్కా, విదర్భ ప్రాంతమున వక్క పొగాకు సున్నము కలిపి నలిపిన ఖర్రా వాడుక మిక్కిలి ఎక్కువ. ప్రాణహిత గోదావరిలో కలియుచోట, సిరొంచ ప్రాంతమున తెలుగు మాటలాడువారి ఊళ్ళకును అది చేరినది. బడిపిల్లలు సైతము దానిని బుగ్గన పెట్టుకొనుచున్నచో, వారి నోట మూడువ్రేళ్ళు పట్టుచున్నవో లేదో ఇంటిపెద్దలు అప్పుడప్పుడు చూచుట అవసరము. ఇట్టివారికి నోరు సాగదీయు వ్యాయామము చెప్పుదురుగాని, వక్క మానకుండ అది నిష్ప్రయోజనము.

వైద్యుని యొద్దకు పోవునపుడు ఒక కాగితముపై కొన్ని సంగతులు వ్రాసికొనిపోవుట మంచిది: నొప్పి ఎప్పటినుండి, ఉదయము ఎక్కువయా, సాయంత్రమా, నమలునపుడు హెచ్చుచున్నదా, నోట ఎన్ని వ్రేళ్ళు పట్టుచున్నవి, చప్పుడు కలదా, ఉన్నది ఆగిపోయినదా, ఇంతకుముందు ఏ పన్ను, ఎందులకు తీసిరి. పిల్లలు స్థానికభాషలో చదువుకొనుచున్న ఇండ్లలో వారిచేతనే దానిని ఆ భాషలో వ్రాయించుకొనవచ్చును. చెన్నై, బెంగుళూరు, కటకము, నాగపూరు, ముంబయి నగరములలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. యానాము వారికి తమ ప్రభుత్వపు దంతవైద్య కళాశాల దూరమున పుదుచ్చేరిలో నున్నది. కాకినాడ ప్రభుత్వాసుపత్రి సమీపమున నున్నది, అక్కడ తెలుగే చెల్లును. భాష కుదరనిచోట "దవడ", "చెవి", "పన్ను" అను మాటలకై తడుముకొనక, చూపుడువ్రేలిని చెవిముందరి మిట్టకు ఆనించి, నోరు తెరచి మూసి, నొప్పి కలుగుచోట ఆపి చూపవలెను.